లోయ పేరు మోసుకుపోయిన మనుషులు: హిగ్గిన్‌బాథమ్ అనే ఇంటిపేరు కథ

ఇంటిపేర్ల మీద మనం చేసిన ఎపిసోడ్ చాలామంది విన్నారు. అందులో ఎక్కువసేపు మన ఇంటిపేర్ల గురించే మాట్లాడుకున్నాం. చివర్లో ఒక ఇంగ్లీషు ఇంటిపేరు ఎత్తాను గానీ టైం అయిపోయింది. ఆ తర్వాత "అన్నా, ఆ హిగ్గిన్‌బాథమ్ సంగతి పూర్తిగా చెప్పు" అని చాలా మెసేజ్‌లు వచ్చాయి. నోటితో చెబితే స్పెల్లింగుల దగ్గర తికమక అవుతుంది, అందుకే రాస్తున్నా. నేను ఐటీఐ చేసి సైట్లల్లో పెరిగినవాణ్ణి, ప్రొఫెసర్‌ని కాదు. కానీ పదిహేనేళ్ళుగా రోజూ పొద్దున వందల పేర్లున్న టైంషీటు చూసేవాడికి పేర్ల మీద ధ్యాస పడకుండా ఎలా ఉంటుంది?

ఈ పేరే ఎందుకు అంటే, ఇది మనకు తెలిసిన పేరే. మనలో చాలామంది రైలు స్టేషన్లో చదివిన పేరు. ఇంగ్లాండులో మాత్రం దేశమంతా ఉండే పేరు కాదు, ఒక మూలన పుట్టి ఆ చుట్టుపక్కలే ఎక్కువగా మిగిలిపోయిన పేరు. ఇలాంటి పేర్లకే కథ దొరుకుతుంది. స్మిత్ అనే పేరుంటే ఏం కనిపెట్టగలం? స్మిత్ అంటే కమ్మరి. కమ్మరి లేని ఊరు ఇంగ్లాండులోనూ లేదు, మన దగ్గరా లేదు.

మద్రాసులో ఆ పేరు

మద్రాసు మౌంట్ రోడ్డు మీద, ఇప్పటి అన్నా సాలై మీద, హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల దుకాణం ఉంది. మనోళ్ళు చాలామంది "హిగ్గిన్‌బాదమ్స్" అని చదివి, బాదం పప్పుకూ పుస్తకాలకూ ఏం సంబంధమో అనుకున్నవాళ్ళే. ఆ పేరు ఆబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్ అనే ఇంగ్లీషాయనది. టికెట్ లేకుండా ఓడలో దాక్కుని వస్తుంటే కెప్టెన్ పట్టుకుని మద్రాసులో దింపేశాడని ఆయన గురించి ఒక కథ చెబుతారు. ఆ కథ ఎంతవరకు నిజమైనా, తర్వాతది మాత్రం రికార్డులో ఉంది. వెస్లియన్ మిషనరీల పుస్తకాల దుకాణంలో పనికి చేరాడు. అది నష్టాల్లో పడితే 1844లో తనే కొనేసి తన పేరు పెట్టాడు.

ఆ దుకాణం అమ్మడంతో ఆగలేదు, పుస్తకాలు అచ్చు కూడా వేసింది. మద్రాసు తెల్లదొరల వంటింటి గురించి 1878లో వచ్చిన "కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్" ఈ సంస్థ వేసిందే. ఓడ నుంచి దింపేశారని చెప్పుకునే మనిషి 1888లో మద్రాసు షెరీఫ్ అయ్యాడు. 1891లో చనిపోయాడు. ఇప్పుడున్న మౌంట్ రోడ్డు భవనం 1904 నాటిది. దక్షిణాదిలో రైలు ప్లాట్‌ఫారాల మీద కూడా ఈ పేరుతో పుస్తకాల స్టాళ్ళు వెలిశాయి. తర్వాత దుకాణం మన దేశస్థుల చేతికి, అమాల్గమేషన్స్ గ్రూపుకి వచ్చింది. యజమానులు మారినా పేరు మారలేదు. అంటే ఇంగ్లాండులో ఒక చిన్న లోయకు పెట్టిన పేరు మన రైలు స్టేషన్ బోర్డు మీదకు ఎక్కింది.

లోయ అన్నాను కదా, ఇక అసలు విషయానికి వద్దాం.

బాటమ్ అంటే నవ్వేది కాదు

ఈ పేరుకు ఇంగ్లాండులో పెద్ద చుట్టరికమే ఉంది. హిగ్గిన్‌బాటమ్, సైడ్‌బాటమ్, రామ్స్‌బాటమ్, లాంగ్‌బాటమ్, వింటర్‌బాటమ్, రోబాటమ్, షఫుల్‌బాటమ్. మా సైటుకు ఒకప్పుడు వచ్చిన కన్సల్టెంట్ ఇంజినీరు స్టాక్‌పోర్ట్ వైపాయన, ఇంటిపేరు ఈ జాబితాలోదే. ఆయన బ్యాడ్జి చూసి కొత్తగా వచ్చిన పోరగాళ్ళు చాటుకు పోయి నవ్వేవారు, ఎందుకో మీకు తెలుసు. ఆయనకు కోపం రాలేదు. చిన్నప్పుడు బడిలో ఇంతకన్నా ఎక్కువ పడ్డానన్నాడు. మా పేర్లలో బాటమ్ అంటే లోయ అడుగు అని ఆయన చెప్పిన ముక్కే నాకు మొదలు.

సైట్ మీద మనమూ బాటమ్ అనే మాట రోజూ వాడతాం. స్లాబులో బాటమ్ మెష్, టాప్ మెష్ అంటాం. అక్కడ ఎవడూ నవ్వడు, బాటమ్ అంటే అడుగు అంతే. పాత ఇంగ్లీషులోనూ అంతే. కొండల మధ్య వాగు పారే లోతట్టు నేలను "బోత్మ్", "బోటమ్" అనేవారు. మనిషి పిర్రలకు ఆ మాట వాడటం 18వ శతాబ్దం చివర్లో మొదలైంది. ఇంటిపేర్లు అప్పటికి ఐదారు వందల ఏళ్ళ పాతవి. కాబట్టి ఆ పేర్లు పెట్టుకున్నవాళ్ళకు ఈ అర్థం కలలో కూడా తెలియదు.

మన దగ్గరా ఇదే పద్ధతి ఉంది. నల్లమలలో లొద్ది మల్లయ్య ఉన్నాడు. లొద్ది అంటే లోయే. దేవుడికే లోయ పేరు పెట్టుకున్నోళ్ళం, మనుషులకు పెడితే వింతేముంది?

ఇప్పుడు ఆ చుట్టాలను ఒక్కొక్కరిగా చూడండి. సైడ్‌బాటమ్ అంటే పక్కకున్న లోయ కాదు. పాత ఇంగ్లీషులో "సీడ్" అంటే వెడల్పు, కాబట్టి అది వెడల్పాటి లోయ. వింటర్‌బాటమ్ అంటే చలికాలంలో పశువులను మేపే లోయ. రోబాటమ్‌లో "రో" అంటే గరుకు, అది రాళ్ళు రప్పలున్న లోయ. లాంగ్‌బాటమ్ పొడుగు లోయ. రామ్స్‌బాటమ్ ఇప్పటికీ ఒక పట్టణం. అది పొట్టేళ్ళ లోయ అని కొందరు, అడవి వెల్లుల్లి పెరిగే లోయ అని ఇంకొందరు చెబుతారు. షఫుల్‌బాటమ్‌లో షఫుల్ పేకముక్కలు కలిపేది కాదు. గొర్రెలు నీళ్ళు తాగే ఊట ఉన్న లోయ పేరు నలిగి నలిగి అలా మారింది.

ఈ పేర్లు మీకు కొత్త కాదు. క్రికెట్ చూసినవాళ్ళకు ఇయాన్ బోథమ్ తెలియకుండా ఉంటాడా? బోథమ్ అన్నా ఈ లోయే. 2008లో హామిల్టన్‌లో న్యూజిలాండ్ మీద హ్యాట్రిక్ తీసిన ఎడమచేతి బౌలర్ ర్యాన్ సైడ్‌బాటమ్ వెడల్పు లోయవాడు. వాళ్ళ నాన్న ఆర్నీ సైడ్‌బాటమ్ కూడా ఇంగ్లాండు తరఫున 1985లో ఒక టెస్టు ఆడాడు. ఇంగ్లాండు ఫుట్‌బాల్ జట్టుకు మొదటి మేనేజర్ వాల్టర్ వింటర్‌బాటమ్. పిల్లలకైతే హ్యారీ పోటర్‌లో నెవిల్ లాంగ్‌బాటమ్ ఉండనే ఉన్నాడు.

ఓక్ చెట్ల లోయ

మరి హిగ్గిన్‌బాథమ్ ఏ లోయ? ఒకప్పటి లాంకషైరులో బోల్టన్ పట్టణానికి తూర్పు వైపు ఓకెన్‌బాటమ్ అనే చోటు ఉంది. ఇప్పుడక్కడ ఇళ్ళు, ఓకెన్‌బాటమ్ రోడ్డు ఉన్నాయి. ఒకప్పుడు అది ఓక్ చెట్ల లోయ. ఇంటిపేర్లు పరిశోధించే పండితుల్లో ఎక్కువమంది ఈ పేరుకు పుట్టిల్లు అదే అంటారు. ఓక్ కాదు, ఆ ప్రాంతపు యాసలో కొండల మీద పెరిగే రోవన్ చెట్టుకున్న పేరు అనేవాళ్ళూ ఉన్నారు. ఏ చెట్టైనా చెట్ల లోయే.

ఓకెన్ అనేది హిగ్గిన్ ఎలా అయిందంటే, అది జనం నోటి పని. పాత రాతల్లో దాని మొదటి ముక్క "ఏకెన్", "ఐకెన్" లాంటి రూపాల్లో ఉండేది. ఆ మాటకు అర్థం మరుగున పడ్డాక, వినేవాడికి తెలిసిన పేరు ఏది దగ్గరగా ఉంటే దాని వైపు జారింది. రిచర్డ్‌ను ముద్దుగా హిక్ అనేవారు, హిక్‌ను ఇంకా ముద్దు చేస్తే హిగ్గిన్. అలా ఓక్ చెట్టు కాస్తా రిచర్డ్ గారి ముద్దుపేరులా తయారైంది. అర్థం తెలియని మాటను తెలిసిన మాటలోకి లాగడం ప్రతి భాషలో ఉన్నదే. ఆస్పత్రి అనే మాట మనకు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి.

ఇంగ్లాండులో తరతరాలకూ ఒకే ఇంటిపేరు నిలవడం 1066లో నార్మన్లు గెలిచాక పెద్ద జమీందార్లతో మొదలైంది. మామూలు రైతులకు దిగడానికి రెండు మూడు వందల ఏళ్ళు పట్టింది. ఉత్తరాన ఇంకా ఆలస్యం. పెనైన్ కొండల దగ్గర మన ఊళ్ళలాగా ఇళ్ళన్నీ ఒక్కచోట ఉండవు. ఒక్కో లోయలో ఒక్కో కమతం, ఒక్కో కుటుంబం. కాబట్టి ఒక లోయ పేరు ఒక కుటుంబానికే అంటింది. లాంకషైరు, యార్క్‌షైరు కొండల్లో ఇలాంటి అరుదైన పేర్లు ఎక్కువగా ఉండడానికి కారణం అదే.

మ్యాపు ఏం చెబుతుంది

ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడానికి అక్కడివాళ్ళకు మంచి సాధనం ఒకటి ఉంది. అది 1881 జనాభా లెక్క. ఆ ఏడు ఇంగ్లాండు, వేల్స్ కలిపి దాదాపు 2 కోట్ల 60 లక్షల మంది. ప్రతి మనిషి పేరూ, ఉన్న చోటూ, పుట్టిన చోటూ రాశారు. తర్వాత దాన్నంతా కంప్యూటర్లలోకి ఎక్కించారు. ఏ పేరైనా కొడితే, ఏ జిల్లాలో ఎందరున్నారో మ్యాపు మీద రంగుల్లో వస్తుంది. స్మిత్ కొడితే దేశమంతా రంగే. హిగ్గిన్‌బాటమ్ కొడితే లాంకషైరు, చెషైరు, డెర్బిషైరు మూడూ కలిసే మూల దగ్గర రంగు చిక్కబడుతుంది. స్టాక్‌పోర్ట్, ఆష్టన్, గ్లాసప్ వైపు అన్నమాట. కిందికి దక్షిణానికి పోయేకొద్దీ తెల్లబడుతుంది.

సర్వే చేసేటప్పుడు కాంటూరు గీతలు దగ్గరైన చోట ఏటవాలు ఎక్కువని గుర్తుపడతాం కదా. ఇంటిపేర్ల మ్యాపు కూడా అంతే, చిక్కబడిన చోట వేరు ఉంటుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువు వేశారు. అందులో 45,000 పైచిలుకు పేర్లున్నాయి. వాళ్ళు కూడా పాత కాగితాల్లో ఏముందో చూసి, మ్యాపులో గుంపు ఎక్కడుందో చూసి, రెండూ పొసిగితేనే ఒక మాట చెబుతారు. ఒట్టి శబ్దం పోలికను బట్టి చెప్పరు.

మూడో సాధనం రక్తం. తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరు వస్తుంది, వై క్రోమోజోమ్ కూడా వస్తుంది. 2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ళను పరీక్షించాడు. ఒకరికొకరు చుట్టాలమని తెలియని వాళ్ళే. అయినా దాదాపు సగం మందికి ఒకటే గుర్తు కనిపించింది. అంటే ఒకప్పుడు ఒక్క సైక్స్ నుంచి వాళ్ళందరూ వచ్చి ఉండవచ్చు. మిగతా సగం సంగతేంటంటే, దత్తతలు ఉంటాయి, తల్లి పేరు పెట్టుకున్నవాళ్ళు ఉంటారు, ఎవరూ అడగకూడని సంగతులూ ఉంటాయి. ఇంటిపేరు సగం రక్తమైతే సగం కాగితం.

ఊరు దాటితేనే ఊరి పేరు

ఇక్కడ నాకు ఒక విషయం బాగా పట్టేసింది. పుట్టిల్లు బోల్టన్ పక్కన ఓకెన్‌బాటమ్ కదా. మరి గుంపు ఎక్కడుంది? అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, స్టాక్‌పోర్ట్ వైపు. ఎందుకు?

ఆలోచిస్తే ఇందులో చిక్కేమీ లేదు. ఓకెన్‌బాటమ్‌లోనే ఉన్నవాణ్ణి పక్కింటివాళ్ళు "ఓకెన్‌బాటమ్ జాన్" అని పిలవరు, అక్కడ అందరూ ఓకెన్‌బాటమ్ వాళ్ళే. వాడు లోయ దాటి వేరే ఊరికి పనికి పోతే, అక్కడ ముందే నలుగురు జాన్‌లు ఉంటే, అప్పుడు "ఏ జాన్? ఆ ఓకెన్‌బాటమ్ నుంచి వచ్చిన జాన్" అంటారు. ఊరి పేరు ఊరు విడిచినవాడికి పడుతుంది.

ఇది మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, క్యాంపులో రోజూ చూస్తాం. ఒక్కో క్యాంపులో గంగన్నలు ఎందరు, రాజన్నలు ఎందరు? "జగిత్యాల రాజన్న", "నిర్మల్ గంగన్న", "కోరుట్ల సాయన్న" అని పిలుచుకుంటాం. జగిత్యాలలో ఉంటే ఆయన్ని జగిత్యాల రాజన్న అని ఏ మనిషైనా పిలుస్తాడా? ఆ పేరు ఇక్కడ, ఈ ఎడారిలో పుట్టింది. ఏడు వందల ఏళ్ళ కింద లాంకషైరులో జరిగింది మన కళ్ళ ముందు జరుగుతోంది. తేడా ఒక్కటే. వాళ్ళు పోయిన చోట స్థిరపడ్డారు కాబట్టి పిల్లలకు ఆ పేరు మిగిలింది. మనం వీసా అయిపోతే వెనక్కి పోతాం కాబట్టి ఆ పేరు క్యాంపు గేటు దగ్గరే ఆగిపోతుంది.

మన ఇంటిపేర్లలోనూ ఊళ్ళు ఎన్ని లేవు? బమ్మెర పోతన, పాల్కురికి సోమనాథుడు. రెండూ ఇప్పటి జనగామ జిల్లా ఊళ్ళే. మనకు ఇంటిపేరు ముందు, వాళ్ళకు వెనుక. లోపల పని మాత్రం ఒకటే.

రాసేవాడి చేతిలో పేరు

ఇంగ్లాండులో 1538 నుంచి చర్చీలో పెళ్ళి, బాప్తిస్మం, చావు రాయడం మొదలుపెట్టారు. 1 జూలై 1837 నుంచి ఇంగ్లాండు, వేల్స్‌లో సర్కారే పుట్టుక, చావు నమోదు మొదలుపెట్టింది. మధ్యలో మూడు వందల ఏళ్ళు రాసింది చర్చి గుమాస్తా. చెప్పేవాడికి చదువు రాదు. ఆయన నోటికి వచ్చింది చెబుతాడు, ఈయన చెవికి వినబడింది రాస్తాడు.

అందుకే ఈ పేరుకు ఇన్ని రూపాలు. కొన్నిచోట్ల రెండు "జి"లు, కొన్నిచోట్ల ఒకటే. చివర "బాటమ్", "బాథమ్", "బాటమ్"లోనే "ఒ" బదులు "ఎ". అన్నదమ్ములకు కూడా వేరు వేరు రాతలు ఉండొచ్చు. "హెచ్" ఉన్న బాథమ్ రాత నవ్వుకు భయపడి తర్వాత పెట్టుకున్నదని చాలామంది అనుకుంటారు. కొంత నిజం ఉండొచ్చు, నాజూకుగా పలికించాలని చూసినవాళ్ళు ఉన్నారు. కానీ "బోథమ్" అనేది ఆ ప్రాంతంలో లోయకు మొదటి నుంచీ ఉన్న ఇంకో పలుకుబడే. అంటే ఎవరూ సిగ్గుపడి కనిపెట్టింది కాదు, పాతదాన్నే ఎంచుకున్నారు.

సముద్రాలు దాటిన లోయ

మద్రాసు కథ ముందే చెప్పాను. ఇంకా మూడు చోట్లకు పోదాం.

మొదటిది మెల్‌బోర్న్. ఒక్క "జి"తో రాసుకునే హిగిన్‌బాథమ్ కుటుంబం ఒకటి ఐర్లండ్‌లో డబ్లిన్‌లో ఉండేది. అందులో జార్జ్ 1826లో పుట్టాడు, 1854లో ఆస్ట్రేలియా పోయాడు. పత్రిక ఎడిటరు, తర్వాత అటార్నీ జనరల్, 1886లో విక్టోరియా ప్రధాన న్యాయమూర్తి. నైట్‌హుడ్ ఇస్తామంటే వద్దన్నాడు. మెల్‌బోర్న్ అంటే మన పనివాళ్ళకు గుర్తుండాల్సిన ఊరు. 1856లో అక్కడి రాతి మేస్త్రీలు పని ఆపి ఊరేగింపుగా పోయి రోజుకు 8 గంటల పని సాధించుకున్నారు. 1890లో ఓడరేవు పనివాళ్ళ పెద్ద సమ్మె జరిగింది. యజమానులు చర్చలకు రామన్నారు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి సీట్లో ఉన్న ఈ జార్జ్, కార్మిక సంఘానికి 50 పౌండ్లు పంపి, చర్చలకు ఒప్పుకునేదాకా వారానికి 10 పౌండ్లు ఇస్తానన్నాడు. పెద్దమనుషులు మండిపడ్డారు, ఆయన వెనక్కి తగ్గలేదు. ఆయన అన్న థామస్ విక్టోరియా రైల్వేకు చీఫ్ ఇంజినీరుగా చేశాడు.

రెండోది అమెరికా. అక్కడ బాథమ్ రాతే ఎక్కువ కనిపిస్తుంది, నల్లజాతి కుటుంబాల్లో కూడా ఉంది. అమెరికా నల్లజాతివాళ్ళ ఇంగ్లీషు ఇంటిపేర్లలో చాలావాటికి వెనుక బానిసత్వం ఉంది. తమ అసలు పేరు పోయి, యజమానుల ప్రపంచం నుంచి వచ్చిన పేరు మిగిలింది. ఎ. లియాన్ హిగ్గిన్‌బాథమ్ జూనియర్ 1928లో పుట్టాడు. పదహారేళ్ళకు ఇంజినీరింగ్ చదవడానికి పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో చేరాడు. నల్ల పిల్లలను హాస్టల్లో ఉండనివ్వకుండా, చలికాలంలో హీటర్ లేని అటక మీద పడుకోబెట్టారు. పోయి అధ్యక్షుణ్ణి అడిగితే, హాస్టల్ ఇవ్వాలని చట్టం చెప్పదు అన్నాడు. చట్టం చెప్పకపోతే చట్టమే నేర్చుకుంటానని ఇంజినీరింగ్ వదిలేసి లా వైపు పోయాడు. ఫెడరల్ జడ్జి అయ్యాడు. 1978లో, అమెరికా వలస కాలపు చట్టాలు నల్లవాళ్ళను ఎలా బానిసలను చేశాయో పెద్ద పుస్తకం రాశాడు. ఇంగ్లాండు లోయ పేరు ఆ పుస్తకం అట్ట మీద ఉంది.

మూడోది మళ్ళీ మన దేశమే. శామ్ హిగ్గిన్‌బాటమ్ 1874లో మాంచెస్టర్‌లో పుట్టాడు, అంటే ఆ పేరు గుంపు ఉన్న ప్రాంతం పక్కనే. అమెరికాలో చదివి 1903లో మిషనరీగా అలహాబాదు వచ్చాడు. పాఠాలు చెప్పడానికి వచ్చినాయన రైతుల ఆకలి చూసి, మళ్ళీ అమెరికా పోయి వ్యవసాయం చదువుకుని వచ్చాడు. 1910లో యమున ఒడ్డున నైనీలో వ్యవసాయ సంస్థ పెట్టాడు. అక్కడే కుష్ఠు రోగుల ఆశ్రమం చూసుకున్నాడు. ఇప్పుడు ఆ సంస్థ ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయం. ఈయన మాత్రం చివరిదాకా "బాటమ్" అనే రాసుకున్నాడు.

దుకాణదారు, న్యాయమూర్తి, బానిసత్వం చరిత్ర రాసిన జడ్జి, వ్యవసాయం నేర్పిన మిషనరీ. నలుగురికీ రక్త సంబంధం ఉందని నేను అనను. పేరు మాత్రం ఒక్క లోయ వైపే చూపిస్తుంది.

పాస్‌పోర్టులో ఖాళీ గడి

ఇదంతా మనకెందుకు అనుకోకండి. పేరు మన బతుకుతెరువుకు ఎక్కడ అడ్డం పడుతుందో ఇక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు.

నవంబర్ 2022లో యూఏఈ ఒక నిబంధన తెచ్చింది. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి, ఇంటిపేరు గడి గానీ పేరు గడి గానీ ఖాళీగా ఉంటే విజిట్ వీసా మీద రానివ్వమన్నారు. తర్వాత, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు గానీ ఇంటిపేరు గానీ ఉంటే సరిపోతుందని చెప్పారు. ఆ రోజుల్లో మన ఊళ్ళ ట్రావెల్ ఏజెంట్ల దగ్గర ఎంత ఆగమాగం అయిందో చాలామందికి గుర్తుంటుంది. మనవాళ్ళలో బడి మొహం చూడని వాళ్ళు పాస్‌పోర్టు ఫారం వేరేవాళ్ళతో నింపించుకున్నారు. ఇంటిపేరు అడిగితే ఒక్కోసారి చెప్పలేదు, చెప్పినా రాయలేదు. గడి ఖాళీగా పోయింది.

ఉన్నవాళ్ళకు ఇంకో తిప్పలు. మా దగ్గర పనిచేసిన ఒక తమ్ముడికి పాస్‌పోర్టులో ఇంటిపేరు మధ్య "హెచ్" ఉంది, బ్యాంకు కాగితంలో లేదు. ఆ ఒక్క అక్షరానికి వాళ్ళింటికి పోవాల్సిన డబ్బులు నెల రోజులు ఆగాయి. ఇంట్లో పిల్ల ఫీజు కట్టే నెల అది. ఆ అక్షరం ఆయన రాసింది కాదు, ఎప్పుడో ఎవరో గుమాస్తా విని రాసింది. బాటమ్, బాథమ్ అని రెండు రకాలుగా రాసిన లాంకషైరు గుమాస్తా ఎవరికీ ఇంత నష్టం చేయలేదు. అప్పుడు కంప్యూటరు లేదు, అక్షరం అటూ ఇటూ అయినా మనిషిని చూసి గుర్తుపట్టేవారు. ఇప్పుడు మనిషి ఎదురుగా నిలబడినా అక్షరాన్నే నమ్ముతున్నారు.

ఇంకో సంగతి, అది సిగ్గుకు సంబంధించింది. బాటమ్ పేరు మీద నవ్వినట్టే, మన దగ్గర ఇంటిపేరు వినగానే కులం లెక్క కట్టేవాళ్ళు ఉన్నారు. గేదెల, మేకల, గొర్రెల లాంటి ఇంటిపేర్లు విని నవ్వేవాళ్ళూ ఉన్నారు. అందుకే చాలామంది కుర్రాళ్ళు ఇక్కడికి వచ్చాక ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించేసుకుంటారు. ఎవరి ఇష్టం వారిది, తప్పు పట్టను. కానీ గొర్రెలు నీళ్ళు తాగే లోయ పేరును ఏడు వందల ఏళ్ళు మోసినవాళ్ళ పిల్లలు ఇప్పుడు అదే పేరు పట్టుకుని మ్యాపుల్లో తమ ఊరు వెతుక్కుంటున్నారు. నవ్వినవాళ్ళ మాట ఎక్కడా మిగల్లేదు, పేరు మిగిలింది.

మనకు 1881 లాంటి మ్యాపు లేదు. మన తాతలు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయారో చెప్పేది ఇంట్లో పెద్దవాళ్ళ నోరు ఒక్కటే. వాళ్ళు పోతే అదీ పోతుంది. కాబట్టి ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బులు అందాయా అని అడిగాక, ఇంకో రెండు నిమిషాలు ఆగండి. అమ్మనో, పెద్దనాన్ననో అడగండి: మన ఇంటిపేరు ఏ ఊరిది? అక్కడి నుంచి ఎందుకు వచ్చాం? ముందు ఎలా రాసేవాళ్ళు? చెప్పింది వాయిస్ రికార్డు చేసుకోండి, కాగితం మీద కూడా రాయండి. తర్వాత పాస్‌పోర్టు, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే సెలవుకు ఇంటికి పోయినప్పుడే సరిచేయించుకోండి, ఇక్కడికొచ్చాక చాలా కష్టం.

మీ ఇంట్లో చెప్పిన కథలు మాకు పంపండి. పేర్లు వద్దంటే పేర్లు లేకుండానే, ఊరు మాత్రం చెప్పి, వచ్చే ఎపిసోడ్లలో చదువుతాం.